శనివారం పొద్దున తోరా క్లాసు: నాలుగు వారాలు వెళ్ళాక రాస్తున్నది

అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అబ్బాయి ఇంటి పక్కాయన యూదుడు. ఇంచుమించు నా వయసువాడే. అక్టోబర్‌లో నేను వచ్చిన కొత్తలో సాయంత్రాలు కలిసి నడిచేవాళ్ళం. తెనాలిలో ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యానని తెలిశాక, "మా సమాజమందిరంలో, అంటే మా ప్రార్థనాలయంలో, శనివారం పొద్దున ఒక క్లాసు ఉంటుంది. మీకు నచ్చుతుంది, రండి" అన్నారు. అలా వరసగా నాలుగు శనివారాలు వెళ్ళాను. న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వచ్చి, వారమంతా నాలుగు గోడల మధ్య గడిపే నాబోటి పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

తోరా అంటే యూదుల పవిత్ర గ్రంథం, మోషే అయిదు కాండాలు. దాన్ని 54 భాగాలు చేసుకుని వారానికి ఒకటి, కొన్ని వారాలు రెండేసి, ఏడాదిలో పూర్తి చేస్తారు. శరత్కాలంలో పండగ రోజున చివరి వచనాలు చదివేసి, అక్కడికక్కడే మళ్ళీ "ఆదియందు" దగ్గర మొదలుపెడతారు. నేను సరిగ్గా ఆ మొదలుకే వచ్చాను. సృష్టి, నోవహు, యూదుల మూలపురుషుడు అబ్రాహాము ప్రయాణం, నాలుగో వారం అబ్రాహాము గుడారానికి వచ్చిన ముగ్గురు అతిథులు. క్లాసులో ఎనభై దాటిన ఆవిడ ఒకరున్నారు. ఎన్నిసార్లు చదివి ఉంటారో! అయినా పుస్తకం తెరిచి, ఆ వచనం కింద వేలు పెట్టి, "ఈ మాట ఇక్కడ ఎందుకుంది?" అని మొదటిసారి చూసినట్టే అడుగుతారు.

ముందు తలుపు దగ్గరి సంగతి. గార్డు ఉంటాడు, పేరు అడుగుతాడు, సంచీ చూస్తాడు. ముందుగా ఆఫీసుకు ఫోన్ చేసి చెబితే ఇబ్బంది ఉండదు. లోపల బుట్టలో టోపీలుంటాయి, మగవాళ్ళు ఒకటి తీసి పెట్టుకోవాలి. ఇది యూదుల్లో కన్సర్వేటివ్ అనే శాఖ కాబట్టి ఆడామగా కలిసే కూర్చుంటారు, స్త్రీలూ తోరా చదువుతారు. డబ్బు అడగరు. శనివారం వాళ్ళకు విశ్రాంతి దినం, ఆ రోజు డబ్బు ముట్టుకోరు కూడా.

మొదటి వారం నేను అలవాటు కొద్దీ నోటుబుక్కూ పెన్నూ తీశాను. పక్కనున్నాయన నా మోచేతి మీద మెల్లగా చెయ్యి వేసి, విశ్రాంతి దినాన ఇక్కడ ఎవరూ రాయరని చెప్పారు. సిగ్గేసింది. కానీ పెన్ను జేబులో పెట్టాక ఇంకాస్త శ్రద్ధగా విన్నాను. ఇందులో ఉన్నదంతా గుర్తుంచుకుని, ఇంటికొచ్చి చీకటి పడ్డాక రాసుకున్నదే.

క్లాసు తొమ్మిదింటికి. పదిహేను, ఇరవై మంది గుండ్రంగా కూర్చుంటారు. పుస్తకంలో ఒక పక్క హీబ్రూ మూలం, ఇంకో పక్క ఇంగ్లీషు, అడుగున వ్యాఖ్యానం. 1040లో ఫ్రాన్సులో పుట్టిన రాషీ అనే పండితుడి మాట దాదాపు ప్రతి చర్చలోనూ వస్తుంది, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథుడు మనకు ఎలాగో వాళ్ళకు ఆయన అలాగ. రబ్బీ, అంటే వాళ్ళ మతగురువు, ఉపన్యాసం ఇవ్వరు. ప్రశ్న వేసి ఊరుకుంటారు. నాలుగో వారం చర్చ ఇలా సాగింది. మిట్టమధ్యాహ్నం ఎండలో అబ్రాహాము గుడారం వాకిట కూర్చుని ఉన్నాడు. దేవుడు ప్రత్యక్షమయ్యాడు. అంతలో దారిన పోయే ముగ్గురు కనబడితే, దేవుణ్ణి అలా ఉంచి వాళ్ళకోసం పరిగెత్తాడు. కాసిని నీళ్ళు, ఒక రొట్టెముక్క తెస్తానని చెప్పి, లేత దూడను వండించి, వెన్న, పాలు తెచ్చి పెట్టాడు.

అప్పుడొక అమ్మాయి, కాలేజీలో చేరి ఒకటి రెండేళ్ళయి ఉంటుందేమో, "మరి మన వాకిట్లో గార్డు ఉన్నాడు కదా?" అంది.

గది నిశ్శబ్దమైపోయింది. 2018 అక్టోబర్ 27న పిట్స్‌బర్గ్‌లో శనివారం ప్రార్థన వేళ ఒకడు సమాజమందిరంలో కాల్పులు జరిపి పదకొండు మందిని చంపాడు. ఆ వారం చదవాల్సిన భాగం కూడా ఇదే, ఈ అతిథుల కథే. ఒకాయన, గార్డు లేకపోతే నా మనవళ్ళను ఇక్కడికి తీసుకురాలేను అన్నారు. ఇంకొకావిడ, కొత్తవాళ్ళు ఆ గార్డును చూసి వెనక్కి పోతున్నారేమోనని నాకు రాత్రిళ్ళు దిగులు అన్నారు. రబ్బీ ఎవరినీ సమర్థించలేదు. తలుపు దగ్గర గార్డు పక్కనే మనవాళ్ళొకరు నిలబడి వచ్చినవాళ్ళను పలకరిస్తే ఎలా ఉంటుందని మాత్రం అడిగారు. ఇద్దరు చేతులెత్తారు. మొదటి వారం గార్డు ఎదుట బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ నాకు ఆ చేతులు చూస్తే గొంతు పట్టేసింది.

నేనూ ఒక ప్రశ్న అడిగాను. దేవుడు నాశనం చేయబోతున్న సొదొమ పట్టణాన్ని కాపాడమని అబ్రాహాము ఆయనతో బేరమాడతాడు. యాభైమంది మంచివాళ్ళుంటే? నలభై అయిదు? ముప్ఫై? చివరికి పదిమంది? అక్కడితో ఆపేశాడు. పదిలోనే ఎందుకు ఆగాడని అడిగాను. దానికి రాషీ చెప్పినదాన్ని చదివి వినిపించారు: జలప్రళయంలో నోవహు కుటుంబం ఎనిమిది మంది, ఆ ఎనిమిది మంది వాళ్ళ తరాన్ని కాపాడలేకపోయారు. రెండు వారాల కిందట చదివిన నోవహు కథ ఇలా తిరిగొచ్చేసరికి, పాఠం చెప్పే విద్య తెలిసినవాడిగా నాకు ఎంతో ఆనందం వేసింది. ఆ ఎనభై దాటినావిడ మాత్రం, "పదిమందికి తక్కువైతే అది ఊరు కాదు, ఇళ్ళే" అన్నారు.

క్లాసు తర్వాత పెద్ద ప్రార్థన. ఇక్కడ చూడవలసింది తోరా చుట్ట చదవడం. తోలు మీద చేత్తో రాసిన చుట్ట, మొత్తం 3,04,805 అక్షరాలు. అచ్చు గుర్తులు ఉండవు. మన తెలుగులో గుణింతం తీసేసి "కల" అని రెండక్షరాలు రాస్తే అది కలో, కాలో, కీలో, కోలో ఎలా తెలుస్తుంది? పైగా స్వరాల గుర్తులూ ఉండవు, రాగం కంఠస్థం చేయాల్సిందే. చుట్టను చేత్తో తాకకూడదు కాబట్టి, కొసన చిన్న చెయ్యి చెక్కిన వెండి పుల్లతో వరస వెంట సాగుతారు. అటూ ఇటూ ఇద్దరు నిలబడి గమనిస్తుంటారు. ఆ రోజు చదువుతున్న కుర్రాడు ఒక మాట తప్పు పలికాడు. ఇద్దరూ ఒకేసారి సరిచేశారు. అతను వెండి పుల్లను ఒక మాట వెనక్కి జరిపి, సరిగ్గా పలికి, ముందుకు పోయాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ముఖం చిట్లించలేదు. నా క్లాసులో తప్పు దిద్దడం ఇంత శుభ్రంగా ఎప్పుడూ జరగలేదని ఒప్పుకోవాలి.

లోపాలు కూడా చెబుతాను. క్లాసు ముప్పావుగంటే. చర్చ రసకందాయంలో పడేసరికి ప్రార్థనకు టైమవుతుంది. ఆ ప్రార్థన రెండున్నర గంటలు, చాలా భాగం హీబ్రూలో. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో కొత్తవాళ్ళకు అర్థం కాదు, పేజీ నంబర్లు అప్పుడప్పుడే చెబుతారు. రెండో వారం మా కోడలు చేసిన సున్నుండలు పట్టుకెళ్ళాను. కోషర్ అనే వాళ్ళ ఆహార నియమాల వల్ల బయట ఇళ్ళలో వండినవి లోపలికి రానివ్వరని డబ్బా తిరిగిచ్చారు. మర్యాదగానే ఇచ్చారు, అయినా నొచ్చుకున్నాను. ముందే చెప్పి ఉండాల్సింది.

చివర్లో ద్రాక్షరసం, జడలా అల్లిన హల్లా రొట్టె, భోజనం. ఇక్కడ మాంసం పెట్టలేదు, చేప ఉంటుంది. గుడ్డు తినని శాకాహారులకు హల్లాలో గుడ్డు ఉంటుందని చెప్పాలి. హమ్మస్ అనే శనగల పచ్చడి, కూరగాయ ముక్కలు, పళ్ళు నిశ్చింతగా తినొచ్చు. ఆ బల్ల దగ్గరే అసలు పనులు తేలతాయి. దేవుడు అబ్రాహామును చూడవచ్చింది ఆయన ఒంట్లో బాగోలేకపోతే పరామర్శించడానికేనని వ్యాఖ్యానం చెబుతుంది. క్లాసులో ఆ మాట విన్నవాళ్ళే ఇక్కడ, ఆపరేషన్ అయి ఇంట్లో ఉన్నావిడకు మంగళవారం సూప్ ఎవరు, గురువారం ఎవరు అని రాసుకోకుండానే పంచుకున్నారు.

ఆ మంగళవారం సాయంత్రం మా పక్కాయన మా ఇంట్లో టీ తాగుతున్నారు. ఫోన్ వచ్చింది. సమాజమందిరంలో ఒకతను చనిపోయిన తల్లి కోసం కద్దిష్ ప్రార్థన చెప్పుకోవాలి, పదిమంది ఉంటే గానీ చెప్పకూడదు, తొమ్మిది మందే ఉన్నారట. సగం టీ అలాగే వదిలేసి, కోటు గుండీలు మెట్ల మీద పెట్టుకుంటూ వెళ్ళిపోయారు. అతనెవరని తర్వాత అడిగితే, ముఖం తెలుసు గానీ పేరు గుర్తు లేదన్నారు.

నేను తెలుగువాణ్ణని తెలిసి రబ్బీ, గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదులున్నారు కదా అన్నారు. మా తెనాలికి గంట దూరం కూడా లేదు, నాకు తెలియనే తెలియదు. జనవరిలో ఊరికి వెళ్ళాక ఒక శనివారం చేబ్రోలు బస్సెక్కుతాను. ఈసారి పెన్ను ఇంట్లో పెట్టే వెళతాను. ఇక్కడి క్లాసుకు అయిదుకి నాలుగున్నర, ప్రార్థనకు మూడు.