రెండున్నరేళ్ల క్లిప్పులు: వరుస కుదిరింది, ఒక వేరు తరిగింది

ముప్పై ఒకటో ఏట ఎత్తు పళ్ళకు లోహపు క్లిప్పులు వేయించుకొని, రెండేళ్ల ఏడు నెలలు మోసి, తీయించుకొని ఏడాది దాటింది. పళ్ళ వరుస విషయంలో నాకు ఫిర్యాదు లేదు. ఉన్నదల్లా పైకి కనిపించని వేరు గురించే.

మొదటి ఆరు నెలలు ఎదురుపడిన వారందరి దగ్గరా వీటిని పొగిడాను. నొప్పే అప్పట్లో నా కొలమానం. తీగ బిగించిన మర్నాడు ఇడ్లీ నమలడం కూడా కష్టమైతే పన్ను బాగా కదులుతోందని సంబరపడ్డాను. నొప్పి లేని నెలలో "ఇంకొంచెం బిగించండి మేడమ్" అని అడిగింది కూడా నేనే. వైద్యురాలు నవ్వి ఊరుకున్నారు.

పద్నాలుగో నెలలో గానీ రెండో ఎక్స్‌రే తీయలేదు. పాతదాని పక్కన పెట్టి చూస్తే, పై దవడలో ఎడమవైపు ముందు పన్ను వేరు కొన దాదాపు రెండు మిల్లీమీటర్లు తరిగి, అరిగిన పెన్సిలు మొనలా మొద్దుబారి ఉంది. వెంటనే బలమిచ్చే తీగ తీసేసి, మూడు నెలలు పళ్ళకు విశ్రాంతి ఇచ్చారు. అసలు సంగతి అప్పుడు తెలిసింది.

పన్ను ఎముకలో మేకులా దిగబడి ఉండదు. వేరుకీ ఎముకకీ నడుమ పావు మిల్లీమీటరు మందం కూడా లేని నారల పొర ఉంటుంది. తీగ నెట్టినప్పుడు ఆ పొర నలిగిన వైపు కణాలు ఎముకను కరిగిస్తాయి, సాగిన వైపు కొత్త ఎముక పడుతుంది. ఇదంతా పొరలో రక్తం ఆడుతున్నంతవరకే. ఒత్తిడి మితిమీరితే రక్తనాళాలు మూసుకుపోయి అక్కడి కణజాలం చచ్చిపోతుంది, పన్ను కొన్ని వారాలు కదలకుండా నిలిచిపోతుంది. ఆ చచ్చినదాన్ని శుభ్రం చేయడానికి వచ్చిన కణాలే వేరు పైపూతను కూడా కొరుకుతాయి. చిన్న గుంటలు మళ్ళీ పూడుతాయి గానీ, కొన తరిగితే తిరిగి పెరగదు. పన్నును కొద్దిగా వాల్చడానికి 35 నుంచి 60 గ్రాముల బలం చాలు. నాకు చేసినట్టు ఎముకలోకి పైకి నెట్టాలంటే 10 నుంచి 20 గ్రాములే, అంటే రెండు పది రూపాయల నాణేల బరువు, ఎందుకంటే ఆ భారమంతా సన్నని కొన మీదే పడుతుంది. నేనేమో ఇంకా బిగించమని అడిగాను!

విశ్రాంతి తర్వాత తేలికపాటి బలంతో సాగిన నెలల్లో నొప్పి పెద్దగా లేదు, కదలిక కూడా మునుపటి కంటే తగ్గినట్టు అనిపించలేదు. కాబట్టి తొలి ఆరు నెలల నా పొగడ్తల్లో కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా తప్పంతా క్లిప్పులదే అనలేను. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి దెబ్బ తగిలించుకున్నది ఆ పన్నుకే. అలాంటి పళ్ళలో వేరు తరిగే అవకాశం ఎక్కువట, ఆ మాట నేను మొదట్లో చెప్పనే లేదు. కొన సన్నగా ఉంటుంది కాబట్టి అక్కడ పోయిన రెండు మిల్లీమీటర్లకు పట్టు పెద్దగా సడలలేదు, పన్ను ఊగడం లేదు. పదమూడేళ్ల మా మేనకోడలికి క్లిప్పులు వేయించమనే మా అక్కతో చెప్పాను, ఆరో నెలలో ఎక్స్‌రే అడిగి మరీ తీయించమన్నాను. నేను మాత్రం జామకాయను ఇప్పటికీ ముక్కలు కోసుకొనే తింటున్నాను.