17 ఇళ్లు చూశాక దొరికిన అద్దె ఇల్లు

కొత్త ఊళ్లో ఉద్యోగంలో చేరడానికి ఇంకా 10 రోజులుంది. ఆలోపు ఇల్లు చూసుకోవాలి. చేతిలో డబ్బు అంతంతమాత్రం. మొదటి మూడు రాత్రులు రైల్వే స్టేషన్ పక్కనే లాడ్జిలో దిగాను. గది శుభ్రంగానే ఉంది కానీ అక్కడ దిగడమే పొరపాటు. ఇళ్లు చూడాలనుకున్న పేటకి అక్కడి నుంచి గంటంపావు. పోయి రావడానికే పూట గడిచిపోయేది.

నాలుగో రోజు ఆ పేటలోనే వారం లెక్కన ఇచ్చే చిన్న గదికి మకాం మార్చాను. ఫ్యాను కిర్రుమనేది, వేణ్ణీళ్లు వస్తే వచ్చినట్టు. అయినా మొత్తం తిరుగుడులో గిట్టుబాటైన ఖర్చు అదొక్కటే. ఏ సందులో రాత్రి దీపాలు వెలగవో, ఆఫీసు వేళ బస్సులో కాలు పెట్టే చోటుంటుందో లేదో అడక్కుండానే తెలిసిపోయింది.

ఇళ్ల వేట యాప్‌లతో మొదలుపెట్టాను. నచ్చినవాటికి ఫోన్ చేస్తే చాలావరకు ఒకటే జవాబు: "అది నిన్ననే పోయిందండీ, ఇంకోటుంది, చూస్తారా?" ఆ ఇంకోటి ఎప్పుడూ అద్దె ఎక్కువే. ఫొటోల సంగతి సరేసరి. మూలన నిలబడి వెడల్పు లెన్సుతో తీస్తే కొట్టుగది కూడా హాలైపోతుంది. అందుకే జేబులో కొలత టేపు పెట్టుకుని తిరిగాను. 900 చదరపు అడుగులన్న ఇంటిని గోడ నుంచి గోడకి కొలిస్తే 650 దాటలేదు. మిగతాదంతా మెట్లు, లిఫ్టు, నడవాల్లో మన వాటాయట. మెట్ల మీద పడుకోలేం కదా! ఒకాయనైతే తాను విదేశంలో ఉన్నానని, అడ్వాన్సు పంపితే తాళాలు కొరియర్లో వస్తాయని అన్నాడు. అవే ఫొటోలు వేరే ఊరి ప్రకటనలోనూ కనబడ్డాయి.

బ్రోకరు ఒక్క రోజులో ఐదు ఇళ్లు చూపించాడు. మొదటి మూడూ కావాలనే నాసిరకంవి చూపించాడని నా అనుమానం, నాలుగోది మెరిసిపోవాలని! కానీ ఏ ఓనరు డిపాజిట్ తిరిగివ్వడానికి ఏడిపిస్తాడో అతను చెప్పిన ముక్క ఏ యాప్‌లోనూ దొరకదు. కమీషన్ ఎంతో, ఎప్పుడివ్వాలో ముందే తేల్చుకుంటే అతని సాయం దండగేం కాదు.

అన్నిటికన్నా చవకైన ఇల్లు పై అంతస్తులో, పడమటి గోడతో ఉంది. సాయంత్రం నాలుగింటికి గోడ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. పగలంతా వేడెక్కిన స్లాబు రాత్రి ఆ సెగని గదిలోకే దింపుతుంది. అద్దెలో మిగిలింది కరెంటు బిల్లుకే పోయేది. ఊరి చివర ఇంకో ఇల్లు, గాలీ వెలుతురూ బ్రహ్మాండం. ఆఫీసుకి మాత్రం ఒక్కో వైపు 40 నిమిషాలు అదనం. నెలకి 22 పనిదినాలంటే 29 గంటల పైమాటే. ఒక పగలూ రాత్రీ దాటి బస్సుకే ధారపోయాలి.

చివరికి తీసుకున్నది ఏ యాప్‌లోనూ లేనిది. సాయంత్రం నడుస్తుంటే గేటుకి టు-లెట్ బోర్డు కనబడింది. పాత బిల్డింగు, మొదటి అంతస్తు, వెనక వాటా. వంటింటి కుళాయి తిప్పి ఉంచి బాత్రూంలో షవర్ విప్పాను, ధార తగ్గలేదు. పడగ్గదిలో ఫోన్ సిగ్నల్ చూసుకున్నాను. రాత్రి పదింటికి మళ్లీ వెళ్లి పది నిమిషాలు వీధిలో నిలబడ్డాను. మోటారు, లిఫ్టు ఖర్చులు అద్దెలో కలిసున్నాయా, కరెంటు మీటరు విడిగా ఉందా, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిది అన్నవి ఒప్పందంలో రాయించాను.

తాళాలిచ్చిన రోజు గోడల పగుళ్లు, తలుపుల గీతలు వీడియో తీసి ఓనరుకి పంపాను. పెద్దాయన కాస్త నొచ్చుకున్నారు. "నా మీద నమ్మకం లేదా బాబూ?"

"మీ మీద ఉందండీ, నా జ్ఞాపకం మీదే లేదు."

నవ్వేసి, డిపాజిట్‌కి రసీదు రాసిచ్చారు.

ఇన్ని కొలిచినవాణ్ణి వంటింట్లో ఫ్రిజ్ తలుపుకి చోటుందో లేదో చూడలేదు. అది సగమే తెరుచుకుంటోంది.