బోర్డులు రెండు, కత్తి ఒకటి

మాదాపూర్‌లో మా ఆఫీసు వెనక సందులో ఉన్న శాండ్‌విచ్ షాపు గురించి ఇన్నేళ్లూ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ మంచే చెప్పాను. మా టీమ్‌లో సగం మందికి ఆ షాపు అలవాటు చేసింది నేనే. కాబట్టి ఇప్పుడు మండుతున్న కడుపుతో రాస్తున్న ఈ మాట కూడా వాళ్లందరూ చదవాలి.

బ్రెడ్డు, సాసులు, రేట్ల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా. నాకు ఆ షాపు నచ్చింది వేరే కారణానికి. కౌంటర్ మీద ఒకవైపు ఆకుపచ్చ బోర్డు, ఇంకోవైపు ఎర్ర బోర్డు. వెజ్ ఇటు, నాన్‌వెజ్ అటు. ఉల్లిపాయ వద్దంటే విసుక్కోకుండా తీసేసి ఇస్తారు. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది కదా, బంజారాహిల్స్‌లో మోమోలు తిని ఒకావిడ చనిపోయిన తర్వాత. అప్పుడు వీళ్లు వెంటనే గుడ్డులేని మయో అని అద్దం మీద కాగితం అంటించారు. అప్పటికి ఇంకో మూడ్రోజుల్లో కార్తీకం మొదలు. మా ఇంట్లో ఆ నెలంతా మాంసం, గుడ్డు బంద్. బయటి తిండంటే ఆమడ దూరం పోయే అమ్మ, నా మాట నమ్మి ఈ ఒక్క షాపు శాండ్‌విచ్ తినడం అప్పుడే మొదలుపెట్టింది.

పోయిన కార్తీకంలో ఒక మధ్యాహ్నం అమ్మకి పనీర్ శాండ్‌విచ్ ఒకటి పార్సిల్ చెప్పి, గ్రిల్‌కి దగ్గరగా నిలబడ్డాను. మామూలుగా అయితే కూర్చుని ఫోన్ చూసుకునేవాణ్ని. ఆ రోజు కుర్చీలు ఖాళీ లేవు. ఆకుపచ్చ బోర్డు కింద కుర్రాడు పనీర్ పేర్చాడు, గ్రిల్‌లో పెట్టి నొక్కాడు, బాగానే ఉంది. బయటికి తీశాక చెయ్యి చాచి, ఎర్ర బోర్డు వైపు ఉన్న కత్తి అందుకున్నాడు. అంతకు ముందు క్షణమే దాంతో చికెన్ టిక్కా శాండ్‌విచ్ రెండు ముక్కలు చేశారు. కత్తి అంచున ఎర్రటి మసాలా, దానికి అంటుకుని చికెన్ పీచు. తుడవలేదు కూడా. అదే కత్తి అమ్మ శాండ్‌విచ్‌లోకి దిగింది. తెల్లటి పనీర్ మీద ఆ ఎర్రటి గీత నా కళ్లతో చూశాను.

"తమ్ముడూ, ఇది వెజ్ కదా, వేరే కత్తి లేదా?" అన్నాను. "ఉన్నది ఒకటే అన్నా" అన్నాడు. పాపం, దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. గ్రిల్ వైపు చూస్తే అదీ ఒకటే. ప్లేటు గాడుల మధ్య మాడిన చికెన్ తునకలు ఉన్నాయి. అంటే బోర్డులే రెండు గానీ, వాటి వెనక అన్నీ కలిసే ఉన్నాయి.

మేనేజర్‌ని పిలిచాను. "సార్, గ్రిల్ వేడికి అన్నీ పోతాయి సార్" అన్నాడు. వేడికి క్రిములు చావొచ్చు, చికెన్ ముక్క ఎక్కడికి పోతుంది? పైగా కోసింది గ్రిల్ మీంచి తీశాక. అది చెప్తే, "ఇంకోటి ఫ్రీగా చేసిస్తా సార్" అన్నాడు. ఏ కత్తితో కోస్తారని అడిగితే జవాబు లేదు. చివరికి, "కొంచెం తగిలితే ఏమవుతుంది సార్, ఎవరూ ఇంతవరకు అడగలేదు" అన్నాడు. కత్తి కన్నా ఈ మాటే నాకు ఎక్కువ గుచ్చుకుంది. అడగకపోవడానికి కారణం వాళ్లు పెట్టిన ఆ ఆకుపచ్చ బోర్డే. జనం దాన్ని నమ్మి డబ్బులిస్తున్నారు. ఇది ఒక్క ఆచారం సంగతే కాదు. గుడ్డు పడని పిల్లలుంటారు, గుడ్డు శాండ్‌విచ్ కోసిన కత్తితోనే కోసింది తింటే ఆసుపత్రి పాలు కావొచ్చు.

డబ్బులు వెనక్కి ఇచ్చారు, పేచీ పెట్టలేదు. ఆ మాట కూడా చెప్పాలి. బిల్లు కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు పద్నాలుగు అంకెలూ ఉంది. ఆ బిల్లు దగ్గర పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఇంకో కత్తి, ఇంకో గ్రిల్ కొనడం అంత రద్దీగా నడిచే షాపుకి ఏమంత బరువు?

ఒకప్పుడు వీళ్ల స్పీడుని తెగ మెచ్చుకునేవాణ్ని, ఆర్డరిచ్చిన ఐదు నిమిషాల్లో చేతిలో పెడతారని. అది మారలేదు, ఇప్పటికీ ఐదు నిమిషాలే. కాకపోతే ఆ స్పీడులో కత్తి కడిగే టైము లేదని ఇప్పుడు తెలుసు. రుచి మాత్రం అలాగే ఉంది. కార్తీకం అయ్యాక ఒకసారి వెళ్లి చికెన్ శాండ్‌విచ్ తిన్నాను, బాగుంది.

మాంసం తినేవాళ్లు, ఇంట్లో పట్టింపులు లేనివాళ్లు నిశ్చింతగా వెళ్లొచ్చు. మా ఇంటి పరిస్థితి వేరు కాబట్టి పార్సిల్ తేవడం మానేశాను. పూర్తి శాకాహారులు వెళ్లక తప్పకపోతే సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి. అప్పుడుండే కుర్రాడు అడిగితే కత్తి కడిగి కోస్తాడు, గ్రిల్‌లో పెట్టకుండా ఇమ్మన్నా ఇస్తాడు. మధ్యాహ్నం రష్‌లో మాత్రం అడిగినా లాభం లేదు.