నీహర్‌లో కుండలు, హరాపాలు, ఒక రాత్రి మకాం

స్పెయిన్ ఆగ్నేయ మూలన అల్మేరియా నగరం నుంచి, కుండలకూ తివాచీలకూ పేరున్న నీహర్ అనే ఊరికి కారులో అరగంట. ఆ అరగంటా కిటికీలోంచి కనిపించేది తెల్లటి ప్లాస్టికే. చలికాలంలో యూరప్ తినే టమాటాల్లో చాలా పండేది ఈ ప్లాస్టిక్ కప్పిన గ్రీన్‌హౌస్‌లలోనే. కొండ మీది తెల్లటి ఊరి ఫొటోలు చూసి బయల్దేరినవాళ్లకు ఇక్కడే నీరసం వచ్చేస్తుంది. కాస్త ఓపిక పట్టండి. సియెర్రా అల్హమీయా కొండల మొదట్లో రోడ్డు పైకి ఎక్కగానే సున్నం కొట్టిన ఇళ్లు మొదలవుతాయి.

చాలామంది సముద్రం ఒడ్డున సాన్ హోసెలో గది తీసుకుని, నీహర్‌కి ఓ పూట వచ్చి పోతారు. నన్నడిగితే మకాం నీహర్‌లో పెట్టి, సముద్రానికే ఓ పూట వెళ్లి రావాలి. పగటి యాత్రికులు తీరిగ్గా పన్నెండింటికి దిగుతారు, రెండింటికల్లా కొట్లకు తాళాలు పడతాయి. మళ్లీ తెరిచేది సాయంత్రం ఐదు దాటాకే. అప్పటికి వాళ్లు వెళ్లిపోయి ఉంటారు, కుండలు, తివాచీలు చేసేవాళ్లకు మనతో మాట్లాడే తీరిక దొరుకుతుంది.

మేం దిగింది మందపు గోడల పాత ఇంట్లో. ఏసీ వేయకుండానే గది చల్లగా ఉంది, ఇంటావిడ మర్యాదకు వంక పెట్టలేం. కానీ మెట్లు నిటారుగా ఉన్నాయి, పై గదిలో వైఫై అందదు. పెద్దవాళ్లతో వెళ్తే కింది గది కావాలని ముందే అడగండి.

మెయిన్ రోడ్డు గార్సియా లోర్కా వీధికి రెండు పక్కలా గిన్నెలూ పళ్లేలూ గుట్టలుగా ఉంటాయి. అక్కడ చూడండి గానీ తొందరపడి కొనకండి. బార్రియో అల్ఫరేరో, అంటే కుమ్మరుల పేట, అక్కడికి దగ్గరే. మట్టి పాత్రను తెల్లటి పలుచని మట్టిలో ముంచి, పైన రంగులు జారవిడుస్తారు. నీలానికి కోబాల్టు, ఆకుపచ్చకి రాగి, గోధుమ రంగుకి మాంగనీసు. రంగులు వాటి ఇష్టం వచ్చినట్టు కారతాయి కాబట్టి ఏ రెండు పళ్లేలూ ఒకేలా ఉండవు. ఒక వర్క్‌షాప్‌లో కుమ్మరి సారె దగ్గర నిలబడి మా వారు గంటసేపు కదల్లేదు. ఒక్క జాగ్రత్త: పాతకాలంలో మెరుపు కోసం సీసం ఖనిజం వాడేవారు. అందుకే వంటింటికి కొనేటప్పుడు ‘పారా కోమీదా?’ (తిండికి వాడేదేనా?) అని అడగండి. గోడకు తగిలించే రకం వేరే ఉంటుంది.

హరాపాలంటే గుడ్డపీలికలతో నేసిన తివాచీలు. నూలు పడుగు, పాత బట్టల పీలికలే పేక. ఉతికితే ఏమీ కావు, నేల మీదా మంచం మీదా వేసుకోవచ్చు. అన్నిటినీ చేత్తో నేసినవే అనుకోకండి, మగ్గం కళ్లెదుట ఉన్న కొట్లోనే బేరం పెట్టండి. నాకు కుండలకంటే ఇవే నచ్చాయి, సూట్‌కేసులో విరిగే భయం కూడా లేదు.

తిండి దగ్గర శాకాహారులకు కొంచెం కష్టం. అల్మేరియా వైపు డ్రింక్‌తో పాటు ఓ టాపా, అంటే చిన్న చిరుతిండి ప్లేటు, ఉచితంగా వస్తుంది. కాల్చిన రొట్టె మీద టమాటా వేసిన చెరిగాన్ అడిగితే గండం గడుస్తుంది. మిగాస్ ఇక్కడ గోధుమ రవ్వలాంటి పిండితో చేస్తారు, మన ఉప్మాకి దూరపు చుట్టం. వాన పడితే ఇళ్లలో అదే వండుకుంటారట. ఒక హోటల్లో మాంసం వద్దని గట్టిగా చెప్పినా సాసేజ్ ముక్కలతోనే తెచ్చారు. తీయించేసరికి చల్లారిపోయింది.

చర్చిలో చెక్క పైకప్పు బాగుంటుంది, పది నిమిషాలు చాలు. ఊరి పైన పాత కాపలా బురుజుకి మాత్రం తప్పకుండా ఎక్కండి. ప్లాస్టిక్ మైదానమంతా దాటి సముద్రం దాకా కనిపిస్తుంది. ఆ తీరమే కాబో దె గాతా, 1987 నుంచి రక్షిత ప్రాంతం. వేసవిలో మోన్సుల్ బీచ్‌కి కార్లను అదుపు చేస్తారు, సాన్ హోసె నుంచి బస్సు పట్టుకోవడం మేలు.

నీహర్‌కీ బస్సుంది గానీ రోజుకి కొన్నే, కారు ఉంటేనే సుఖం. ఏప్రిల్, మే నెలలు మంచివి. యూరప్‌లోనే బాగా పొడి ప్రాంతం కాబట్టి వాన టెన్షన్ పెద్దగా ఉండదు. ఆగస్టులో ఎండా మంటే, తీరంలో గదుల రేట్లూ మంటే.