ఎంజీబీ మడ్‌గార్డు: బోల్టులు విప్పితే ఊడుతుంది, అంతవరకు నిజమే

ఎంజీబీ రోడ్‌స్టర్ అనే గుడ్డ టాపు బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఇంజను ఎంత, వేగం ఎంత, ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా ఎన్ని తయారయ్యాయి వంటి వివరాలు కావలసినవారికి ఎక్కడైనా దొరుకుతాయి. నేను రాస్తున్నది దాని ముందు మడ్‌గార్డు గురించి. నాది 1970 నాటి బండి, క్రోమ్ బంపర్ల కాలంది. కొవెంట్రీ దగ్గర ఉంటూ ఏళ్ల తరబడి వేసవుల్లో నడిపాను. ఆ తర్వాత బాగుచేయడానికి పూనుకుని చివరి నట్టు దాకా విప్పాను. నడిపినప్పుడు ఏర్పడిన అభిప్రాయం ఒకటి, విప్పినప్పుడు ఏర్పడింది మరొకటి. రెండోదాన్నే నేను ఎక్కువ నమ్ముతాను.

ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు. నేల, గోడలు, తలుపుల కింద పొడవునా ఉండే సిల్‌లు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే పెట్టె ఇది. ఇలా కట్టిన పాత కార్లలో చాలావాటికి మడ్‌గార్డు మార్చాలంటే వెల్డింగ్ చుక్కలను ఒక్కొక్కటిగా డ్రిల్లుతో తొలుచుకుంటూ పోవాలి. ఎంజీబీకి ఆ అవస్థ లేదు. ముందు మడ్‌గార్డులు రెండింటినీ బోల్టులతో బిగించారు. విప్పి, తుప్పు గీకి, లోపలా బయటా రంగు వేసి మళ్లీ బిగించుకోవచ్చు. ఈ ఒక్క ఏర్పాటు నాకు ఈ కారుమీద మోజు పుట్టించింది. అరవై ఏళ్ల క్రితమే, రేపు ఎవడో ఒకడు దీన్ని ఇంట్లో విప్పుకుంటాడని ఆలోచించినవారికి దండం పెట్టాలి.

పానాల గొడవ కూడా తక్కువే. అంగుళాల లెక్కలో 7/16, 1/2, 9/16 సైజులు మూడు చేతిలో ఉంటే కారులో సగానికి పైగా విప్పేయవచ్చు. ఇదే కంపెనీ అంతకు ముందు చేసిన టీ సిరీస్ కార్ల యజమానులను అడిగితే తెలుస్తుంది ఇదెంత సుఖమో. వాటిలోని ఎక్స్‌పీఏజీ ఇంజన్లకు మరలు మెట్రిక్‌వి, బోల్టు తలలు మాత్రం పాత బ్రిటిష్ పద్ధతైన విట్‌వర్త్ కొలతవి. 1923లో కార్ల తయారీదారు మోరిస్ కొన్న కొవెంట్రీ ఫ్యాక్టరీ అంతకు ముందు ఫ్రెంచి కంపెనీ హాచ్‌కిస్‌ది కావడంతో అక్కడి యంత్రాలన్నీ మెట్రిక్ మరలు కోసేవే. బ్రిటిష్ పానా పట్టేలా తల మాత్రం మార్చి సర్దుకున్నారు. ఎంజీబీలో అలాంటి కిటుకులు లేవు.

ఇంజను తీయడం నేను భయపడినంత కష్టం కాలేదు. గేర్‌బాక్సును విడిగా కిందనుంచి లాగే వీలు లేదు కనుక రెండూ కలిపి పైకే ఎత్తాం. బానెట్, రేడియేటర్ తీసేశాక గొలుసు కప్పీకి తగిలించి, గేర్‌బాక్సు తోకను కిందికి వంచి, ముక్కును పైకి లేపి లాగాం. అది గాలిలో వేలాడుతుండగా విజయవాడలో ఉన్న మా పెదనాన్నకు వీడియో కాల్ చేశాను. ఆయన చాలాకాలం అంబాసిడర్ టాక్సీ నడిపారు. ఫోను కాస్త అటు తిప్పమని, ఇటు తిప్పమని చూసి, "ఒరేయ్, ఇది మన అంబాసిడర్ ఇంజనే కదరా! ఆ పక్క మూతల దగ్గర ఆయిల్ కారుతోందా?" అన్నారు. "కారుతోంది పెదనాన్నా." "అది కారుతుందిలే, దాని గుణమే అంత."

ఆయన మాట అక్షరాలా నిజం. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజను, ఈ 1798 సీసీ ఇంజను రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ సిరీస్ కుటుంబానివే. పుష్‌రాడ్‌ల పక్కనుండే టాపెట్ మూతలు, వాటి గాస్కెట్లు, ఆయిల్ కారే చోటు అన్నీ ఒకటే. కలెక్టర్ల కార్లలోనూ బెజవాడ టాక్సీల్లోనూ నలిగిన ఇంజను, ఇక్కడ గుడ్డ టాపు తీసి తిరిగే షోకు బండిలో ఉంది. వాల్వుల సందు సరిచేయడం నేను ఆయన దగ్గర ఫోన్‌లోనే నేర్చుకున్నాను.

సస్పెన్షన్, బ్రేకులు, వెనక ఇరుసు గురించి చెప్పేది పెద్దగా లేదు. వెనక కమాను కట్టల ముందు బోల్టులు బుష్షులోని ఉక్కు గొట్టానికి కరుచుకుపోతాయి, కోసి పారేయడమే దారి. సీట్ల వెనక రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు కూర్చునే తొట్లు అందరి బండ్లలో లాగే నా బండిలోనూ తుప్పు తిన్నాయి. హీటరును ముందుగా తయారుచేసి దాని చుట్టూ కారు కట్టారని ఇక్కడివాళ్లు జోకు వేస్తారు. దాన్ని బయటికి లాగిన రోజు నాకు నవ్వు రాలేదు.

ఇక మడ్‌గార్డు సంగతి. బోల్టులతో బిగించారన్నాను గదా, ఆ బోల్టులు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పాలి. ఇంజను గది అంచున వరుసగా ఉన్నవి నిలబడి విప్పవచ్చు. చక్రం వెనక బురద ఆపే రేకును తీస్తే ఇంకొన్ని కనబడతాయి. కొన్ని కింద సిల్ దగ్గర, కొన్ని తలుపు ముందు నిలువు స్తంభం వెంట. మిగిలినవి ముందు అద్దం చట్రం కింద, డ్యాష్‌బోర్డు కొస వెనక. అవి చేతికి అందాలంటే అద్దం తీయాలి. అద్దాన్ని పట్టుకున్న బోల్టులు మళ్లీ డ్యాష్‌బోర్డు రెండు చివరల వెనకే. అవి అందాలంటే డ్యాష్‌బోర్డు తీయాలి, దానికి ముందు మీటర్లు, కేబుళ్లు. రాజుగారి ఏడుగురు కొడుకుల చేపల కథ లాగా, చేప ఎందుకు ఎండలేదని మొదలుపెట్టి చీమ దాకా పోవడమే.

పైగా అద్దం చట్రం అల్యూమినియం, దాని బోల్టులు ఉక్కు. రెండు లోహాల మధ్య ఇంగ్లండు వాన నీళ్లు దశాబ్దాల పాటు చేరితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. తెల్లటి పొడి పట్టి బోల్టు అక్కడే పాతుకుపోతుంది. సీటు తీసేసి, నేలమీద వెల్లకిలా పడుకుని, కాళ్లు వెనక గట్టుమీదికి చాపి, తల డ్యాష్‌బోర్డు కిందికి దూర్చాలి. పానా పావు చుట్టులో సగం మాత్రమే తిరుగుతుంది. తీసి మళ్లీ పెట్టాలి. అసిటోన్, ఆటోమేటిక్ గేర్ల నూనె సమపాళ్లలో కలిపి సాయంత్రం పోసి, మర్నాడు కాస్త వేడిచేస్తే కదిలాయి. వేడి పెట్టే ముందు పెట్రోలు ట్యాంకు బయటికి తీసి దూరంగా పెట్టాను, అది తప్పనిసరి.

ఇంత చేశాక కుడి మడ్‌గార్డు చక్కగా విడిపోయింది. ఒంటి చేత్తో ఎత్తి గోడకు ఆనించాను. ఆ సంతోషంలో ఈ కారంత మంచి కారు లేదని స్నేహితులకు ఫోటోలు పంపాను.

ఎడమది రాలేదు. పై బోల్టులన్నీ వచ్చాయి, అద్దం అప్పటికే లేదు. స్తంభం దగ్గర ఒక బోల్టు తిరుగుతూనే ఉంది గానీ బయటికి రాలేదు. లోపల నట్టును పట్టుకునే రేకు గూడు విరిగి, నట్టు కూడా బోల్టుతో పాటు తిరుగుతోంది. దాని తలను గ్రైండర్‌తో అరగదీశాను. అయినా మడ్‌గార్డు కింది భాగం కదలలేదు.

ఈ కారు తలుపు ముందంచు కింద, మడ్‌గార్డు సిల్‌ను కలిసే చోట నిలువుగా ఒక సన్నని అతుకు కనబడాలి. ఫ్యాక్టరీనుంచి అలాగే వచ్చేది. కుడి వైపు ఉంది, ఎడమ వైపు లేదు. నిజానికి ఎడమ వైపు నున్నదనాన్ని చూసినవాళ్లందరూ మెచ్చుకునేవారు. చిన్న అయస్కాంతాన్ని సిల్ వెంట జరుపుకుంటూ పోతే, తలుపు మధ్య దాకా టక్కున అతుక్కుంటోంది, ముందు కొసకు వచ్చేసరికి జారిపోతోంది. అక్కడ పైపైన ఇనుము లేదన్నమాట. ఉలితో తడితే రంగు పెళ్లలుగా లేచింది. దాని కింద వేలెడు మందాన లప్పం, ఆ లప్పానికి పట్టుగా అల్యూమినియం జాలీ. దాని వెనక పుచ్చిపోయిన అసలు సిల్, పైన దాన్ని కప్పేస్తూ వెల్డింగ్ చేసిన ఇంకో సిల్. మడ్‌గార్డు కింది అంచును కూడా ఆ పై సిల్‌కు కలిపి వెల్డింగ్ చేసేశారు. నేను కొనకముందు ఎప్పుడో, ఎవరిదో వర్క్‌షాపు చేసిన పని. పైన పటారం, లోన లొటారం.

ఇది నాకు ఇంకా మింగుడు పడని విషయం. గుడ్డ టాపు కారులో పైకప్పు లేదు గనుక బండి వంగిపోకుండా మోసేది ప్రధానంగా సిల్‌లే. బయటి రేకు, లోపలి రేకు, రెంటి మధ్య నిలువు పలక, అడుగున కోటగోడ అంచులా మలిచిన పట్టీ కలిస్తేనే ఆ బలం. పుచ్చినదానిమీద కొత్త రేకు కప్పితే చూపుకు బాగుంటుంది గానీ, లోపల తేమ చేరి మిగిలిందాన్ని కూడా తినేస్తుంది. బోల్టులతో విప్పుకొమ్మని ఇచ్చిన భాగాన్ని శాశ్వతంగా అతికించేసి, తర్వాతివాడు లోపల చూసే దారి కూడా మూసేశారు. 40 ఏళ్లు దాటిన కార్లకు, పెద్ద మార్పులేవీ చేయకపోతే, 2018 మే నుంచి ఇక్కడ ఏటా తనిఖీ తప్పనిసరి కాదు. అయినా నేను డబ్బు కట్టి చేయించేవాణ్ని, పాసయ్యేది. తనిఖీ చేసేవారు ఏదీ విప్పి చూడరు, వారి తప్పు కాదు.

చివరికి సన్నని కటింగ్ డిస్కుతో మడ్‌గార్డు అడుగు భాగాన్ని అడ్డంగా కోసి విడదీశాను. చక్రం వెనక రేకు తీసినప్పుడే కొంత మట్టి రాలింది. ఇప్పుడు అసలు నిల్వ బయటపడింది. తలుపు స్తంభానికీ మడ్‌గార్డుకూ మధ్య, సిల్ పైభాగాన మోచేతి లోతున పేరుకున్న నల్లటి ఎరువు. అందులో సగం కుళ్లిన ఆకుల ఈనెలు, చిన్న చిన్న నత్తగుల్లలు. ఆ రేకు అంచున ఉండే రబ్బరు పట్టీ గట్టిపడి ముడుచుకుపోతే చక్రం చిమ్మిన బురద నేరుగా ఇక్కడికే చేరుతుంది. చలికాలంలో ఇక్కడి రోడ్లమీద ఉప్పు చల్లుతారు, అదీ అందులోనే. బండి ఎడమ వైపు రోడ్డు అంచున పోయే దేశంలో ఎడమ మడ్‌గార్డుకే ఎక్కువ బురద. బోల్టుల మడ్‌గార్డును నేను ఎంత పొగిడినా, దాని వెనక ఈ మూల మట్టి నిల్వ ఉండే జేబు అన్నది కాదనలేను.

సిల్ కోసేముందు తలుపు సందుకు అడ్డంగా ఇనుప కడ్డీలు వెల్డింగ్ చేయించాం. అవి లేకుండా కోస్తే బండి మధ్యలో కుంగి తలుపు మళ్లీ పట్టదు. వెల్డింగ్ నాకు రాదు, ఊళ్లో ఒక పెద్దాయన చేసిపెట్టారు. కొత్త మడ్‌గార్డు పాత అచ్చులమీద కొట్టినదే దొరికింది, రంధ్రాలు దాదాపు అన్నీ కలిశాయి. రెండింటిని గుండ్రటి ఆకురాయితో కాస్త సాగదీయాల్సి వచ్చింది. అది మడ్‌గార్డు లోపం కాదు, సిల్ కొత్తగా కూర్చున్న బండిలో ఆ మాత్రం తేడా ఉంటుంది. విడిభాగాల విషయంలో ఈ కారుకు తిరుగులేదు. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ చాలావరకు అసలు అచ్చులతోనే ఎంజీబీ బాడీ షెల్ మొత్తాన్ని కొత్తగా తయారుచేస్తోంది. ఫ్యాక్టరీ మూతబడిన కారుకు పూర్తి బాడీ కొత్తది దొరకడం మామూలు విషయం కాదు.

మళ్లీ బిగించేటప్పుడు ప్రతి బోల్టు మరకూ రాగి గ్రీజు పూశాను, చక్రం వెనక రేకుకు కొత్త రబ్బరు వేశాను. ఏటా చలికాలం ముందు ఆ రేకు ఒక్కటి విప్పి మట్టి దులపడం అలవాటు చేసుకున్నాను. చక్రం తీస్తే అది చేతికి అందుతుంది, అద్దం జోలికి పోనక్కర్లేదు. మూడు పానాలతో సగం కారు విప్పవచ్చన్న మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను, ఆ పానాలు దూరే చోట ఉన్నంతవరకు.

కొనమంటారా అని అడిగేవారికి నా జవాబు వాళ్ల పరిస్థితిని బట్టి మారుతుంది. నాకు కప్పు ఉన్న గ్యారేజీ ఉంది, రోజూ ఆఫీసుకు వెళ్లడానికి వేరే కారుంది, పక్కనే వెల్డింగ్ తెలిసిన మనిషి ఉన్నారు, ఎప్పటికి పూర్తయినా అడిగేవారు లేరు. ఇందులో ఏ రెండు తగ్గినా నేను పాత సిల్‌లు కోయించేవాణ్ని కాదు, అప్పు చేసి అయినా కొత్త షెల్ తెచ్చుకునేవాణ్ని. వీధిలో బండి పెట్టుకునేవారికి రోడ్‌స్టర్ వద్దనే చెబుతాను, ఇదే కారులో రేకు కప్పున్న రకమైన జీటీ చూసుకోమంటాను. అయితే దాని ముందు మడ్‌గార్డులూ బోల్టులవే, దాని సిల్‌లూ ఇలాగే పుచ్చుతాయి. ఏది చూడటానికి వెళ్లినా తలుపు ముందంచు కింద ఆ నిలువు అతుకు రెండు వైపులా ఉందో లేదో చూసుకున్నాకే బేరం మొదలుపెట్టండి.