న్యూడెక్స్టా: స్ట్రోక్ తర్వాత ఆగని నవ్వుకు అమ్మ వాడుతున్న మందు

స్ట్రోక్ వచ్చాక అదుపు లేకుండా నవ్వో ఏడుపో తన్నుకొచ్చే పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఈ రివ్యూ మీకోసం. అమ్మ డల్లాస్‌లో మా దగ్గరే ఉంటుంది. న్యూరాలజిస్టు ఈ మందు రాశారు. మా అనుభవంలో మంచి మందే. నాలుగు స్టార్లు.

ముందు జబ్బు సంగతి చెప్పాలి. దీన్ని సూడోబల్బార్ అఫెక్ట్ అంటారు. మెదడు పైభాగం నుంచి బ్రెయిన్‌స్టెమ్‌కి (మెదడు అడుగున, వెన్నుపాముకి కలిసే భాగం) దిగే నరాల దారులు దెబ్బతింటే, మనసులో సంతోషం లేకపోయినా నవ్వు వచ్చేస్తుంది. ఊళ్లో బాబాయి పోయారని పిన్ని వీడియో కాల్‌లో చెబుతుంటే అమ్మ తెరలు తెరలుగా నవ్వింది. కళ్లమ్మట నీళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వు మాత్రం ఆగదు. "మీ అక్కకి మతిగానీ పోయిందా?" అని అటునుంచి ఎవరో అనడం అమ్మకి వినబడింది. ఆ తర్వాత ఫోన్ మోగితే చాలు, లేచి గదిలోకి వెళ్లిపోయేది. మతి పోలేదు, ఆవిడకి అన్నీ తెలుస్తున్నాయి. అదే అసలు నరకం.

క్యాప్సూల్‌లో 20 మి.గ్రా. డెక్స్ట్రోమెథార్ఫాన్, 10 మి.గ్రా. క్వినిడిన్ ఉంటాయి. మొదటిది దగ్గు సిరప్పుల్లో వాడేదే. లివర్ దాన్ని త్వరగా అరగదీసేయకుండా రెండోది అడ్డుపడుతుంది. అలాగని సిరప్పు తాగించి చూద్దామనుకోకండి. అమెరికాలో 2010లో దీనికి అనుమతి వచ్చింది. మొదటి వారం రోజుకొకటి, తర్వాత 12 గంటలకొకటి.

క్వినిడిన్ గుండె లయ మీద పనిచేస్తుంది కాబట్టి గుండె జబ్బు ఉంటే, ఈసీజీ గురించి తప్పకుండా అడగండి. వాడుతున్న మాత్రలన్నీ డాక్టర్ ముందు పెట్టండి. కొన్ని డిప్రెషన్ మందులతో కలిపి ఇది వాడకూడదు. కళ్లు తిరగొచ్చు, నడక సరిగా లేనివాళ్లని కనిపెట్టుకుని ఉండాలి.

అమ్మకి నవ్వు పూర్తిగా పోలేదు. కానీ తరచూ రావడం లేదు, వచ్చినా తొందరగా సర్దుకుంటోంది. పిన్నికి తనే ఫోన్ చేసి మాట్లాడింది.

ఖరీదైన మందు. ముందుగా తమ అనుమతి తీసుకోవాలని ఇన్సూరెన్స్ కంపెనీ అనొచ్చు. దీనికి బదులు కొన్ని డిప్రెషన్ మందుల్ని తక్కువ డోసులో ఇచ్చే పద్ధతీ ఉంది, అది చౌక. రెండింటి గురించీ అడగండి.

పసిపిల్లల్లో కారణం లేని నవ్వు పదేపదే వస్తుంటే మాత్రం సంగతి వేరు. హైపోథాలమస్‌లో (మెదడు లోపలి ఒక చిన్న భాగం) గడ్డ వల్ల వచ్చే జెలాస్టిక్ మూర్ఛ, అంటే నవ్వు రూపంలో వచ్చే మూర్ఛ కావచ్చు. దానికి ఇది మందు కాదు. నవ్వు వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీసి, పిల్లల న్యూరాలజిస్టుకి చూపించండి.