ఫ్రాంకో కూటమి ఊళ్లు: సలమాంకా, బుర్గోస్, ఎస్తెయా... దేనికెంత సమయం?

జనరల్ ఫ్రాంకో పక్షం రిపబ్లిక్ ప్రభుత్వంపై తిరగబడి గెలిచిన 1936-39 స్పెయిన్ అంతర్యుద్ధం జాడలు చూడ్డానికి వెళ్లేవాళ్లలో చాలామంది మాడ్రిడ్ నుంచి అరగంట రైల్లో తొలేదో వెళ్లి, అల్కాసర్ కోట చూసి వచ్చేస్తారు. కోట బాగుంటుంది. సైనిక మ్యూజియం ఇప్పుడు అందులోనే ఉంది, 1936లో రిపబ్లిక్ సేనలు ముట్టడించినప్పుడు కోటను కాపాడిన కర్నల్ మొస్కార్దో గదిని అప్పటి రూపంలోనే ఉంచారు. కాకపోతే అక్కడ తెలిసేది ముట్టడి కథ ఒక్కటే. ఫలాంజిస్టులు (ఫాసిస్టు తరహా పార్టీ వాళ్లు), కార్లిస్టులు (రాజవంశంలో మరో శాఖకే సింహాసనం దక్కాలనే సంప్రదాయవాదులు), మిగతా రాచరికవాదులు, సెడా అనే క్యాథలిక్ పార్టీల కూటమి వాళ్లు, సైనికాధికారులు... ఒకరంటే ఒకరికి గిట్టని వీళ్లందర్నీ ఒక్క గొడుగు కిందికి ఎలా తెచ్చారో తెలియాలంటే సలమాంకా వెళ్లాలి.

మాడ్రిడ్‌లో తొలేదో రైలు అతోచా స్టేషన్లో, సలమాంకా రైలు చమార్తీన్‌ స్టేషన్లో ఎక్కాలి. స్టేషన్ తారుమారైతే రైలు తప్పినట్టే. ప్రయాణం వేగపు రైల్లో గంటా నలభై నిమిషాలు. కెథడ్రల్ ఎదురుగా ఉన్న బిషప్ ప్యాలెస్‌ను బిషప్ ప్లా ఇ దెనియెల్ ఫ్రాంకోకి ఇచ్చేశాడు, అదే ప్రధాన స్థావరమైంది. 1937 ఏప్రిల్ 19 నాటి డిక్రీతో ఫలాంజ్, కార్లిస్టులు ఒకే పార్టీ అయిపోయారు, మిగతా పార్టీలు రద్దు. కార్లిస్టు నాయకుడు ఫాల్ కొందేని అంతకు నాలుగు నెలల ముందే పోర్చుగల్‌కి సాగనంపారు. ఫలాంజ్ నాయకుడు ఎదియ్యా ఎదురుతిరిగితే మరణశిక్ష వేసి, తర్వాత తగ్గించారు. కొత్త యూనిఫారంలో చొక్కా ఫలాంజ్ నీలం, టోపీ కార్లిస్టుల ఎరుపు. రెండువైపులా ఎవరికీ నచ్చలేదు!

అంతర్యుద్ధ ఆర్కైవ్ కూడా ఈ ఊళ్లోనే, ప్రవేశం ఉచితం. ఫ్రీమేసన్లంటే (రహస్య ఆచారాలున్న ఒక సోదర సంఘం వాళ్లు) జనం జడుసుకోవాలని ఫ్రాంకో ప్రభుత్వం ముసుగు బొమ్మలతో కట్టించిన నకిలీ లాడ్జి (వాళ్ల సమావేశ మందిరం) గది అందులో ఉంది. రెండు రాత్రులు ఇక్కడే బస చేయడం మేలు. ప్లాసా మయోర్ వైపు గదులు అందంగా ఉన్నా రాత్రంతా గోల. రెండు వీధులు అవతల దిగండి.

బుర్గోస్‌కి ఒక పూట చాలు. 1936 అక్టోబర్ 1న ఫ్రాంకో పగ్గాలు చేపట్టింది, 1939 ఏప్రిల్ 1న యుద్ధం ముగిసిందని ప్రకటించింది ఇక్కడే. రైల్వే స్టేషన్ ఊరికి దూరం, బస్టాండేమో కెథడ్రల్‌కి దగ్గర. కాబట్టి బస్సే నయం.

ఎస్తెయాలోని కార్లిజం మ్యూజియంని మాత్రం వదలొద్దు. పాంప్లోనా నుంచి బస్సులో గంటలోపే. మధ్యాహ్నం రెండింటికి తలుపులు మూసే అలవాటున్న దేశం, పొద్దున్నే చేరుకోవాలి. సోమవారం అసలే వద్దు.

శాకాహారులు కాస్త జాగ్రత్త. సలమాంకా ఒర్నాసో చూడ్డానికి కర్రీ పఫ్‌లా ఉంటుంది, లోపలంతా పంది మాంసమే. బుర్గోస్ మొర్సియ్యా అనే సాసేజ్‌లో అన్నం కనిపిస్తుంది, కలిపేది రక్తం. కూరగాయల వంటకాల్లోనూ హామ్ ముక్కలు వేస్తారు, 'సిన్ హమోన్' (హామ్ లేకుండా) అని ముందే చెప్పాలి.

మాడ్రిడ్ దగ్గర ఫ్రాంకో కట్టించిన యుద్ధ మృతుల స్మారకం ఉన్న క్వెల్గామూరోస్ లోయకి టాక్సీ మాట్లాడుకుంటే, తిరుగు ప్రయాణానికి అక్కడే ఆగేలా ముందే ఒప్పించుకోండి. ఫ్రాంకో అవశేషాలను 2019లో, ఫలాంజ్ స్థాపకుడు హోసే ఆంతోనియోవి 2023లో అక్కడి నుంచి తీసేశారు. 33 వేలకు పైగా మృతులు మాత్రం ఇంకా లోపలే ఉన్నారు.